జె. సి. ఆర్. లిక్లైడరు జీవిత సంగ్రహము

మన పాఠశాల గ్రంథాలయమునకు వచ్చి పోవు పుస్తకముల లెక్క నుంచుటకై పదవ తరగతి బాలబాలికలు కొందరు గత సంవత్సరము ఒక చిన్న కంప్యూటరు ప్రోగ్రామును వ్రాయ నారంభించిరి. మొదటి పంక్తి వ్రాయుటకు పూర్వమే వారిలో వివాదము పుట్టెను. దానిని ఎవరి యంత్రముపై నడుపవలెను? లోకులు క్లౌడు అని పిలుచు దూరపు యంత్రశాలలో ఉత్త యంత్రమును మాత్రము అద్దెకు తీసికొనవలెనా? సర్వమును అమర్చి యుంచిన వేదికపై మన ప్రోగ్రామును మాత్రము నిలుపవలెనా? లేక ఎవరో పూర్తిగా వ్రాసిపెట్టిన గ్రంథాలయపు సాఫ్టువేరునే చందా కట్టి వాడుకొనవలెనా? తీర్పు చెప్పుమని నన్ను పిలిచిరి. నేను లెక్కల పంతులనే గాని ఈ విద్యయందు ప్రవీణుడను గాను. అయినను ఈ వివాదమునకు మూలమైన ప్రశ్నను అరువది యేండ్లకు పైగా పూర్వమే తనకు తాను వేసికొనిన యొక మహాశయుని చరిత్రమును చదివి యుంటిని. ఆనాడు వారికి నోటితో చెప్పినదానినే ఇచ్చట కొంత విస్తరించి వ్రాయుచున్నాను.

జోసెఫ్ కార్ల్ రాబ్నెట్ లిక్లైడరు 1915వ సంవత్సరము మార్చి 11వ తేదీన అమెరికా దేశమందలి సెయింట్ లూయిస్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులకు ఒక్కడే సంతానము. తండ్రి బాప్టిస్టు బోధకుడు. బాల్యమున విమానముల నమూనాలు చేయుటయు, కొంచెము పెద్దవాడైన తరువాత పాత మోటారుకారును విప్పి మరల బిగించుటయు ఆయనకు వినోదములు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము, గణితము, మనశ్శాస్త్రము అను మూటిని కలిపి చదివి 1937లో పట్టము పొందెను. 1942లో రోచెస్టరు విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరు బిరుదు నిచ్చెను. పిల్లుల మెదడులో శబ్దము ఏ చోట నెట్లు గ్రహింపబడునను విషయము నాయన పరిశోధించెను. ఇంత మాత్రము చదువుకొనినవాడు కంప్యూటరు శాస్త్రమునకు మార్గదర్శి యగునని ఆనాడెవరును తలంచి యుండరు. మిత్రులును శిష్యులును ఆయనను లిక్ అను ముద్దుపేరుతోనే పిలుచుచుండిరి.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున హార్వర్డులో నుండి, విమానముల హోరులో రేడియో మాటలు స్పష్టముగా వినబడు ఉపాయములను శోధించెను. 1945లో లూయిస్ కార్పెంటరు అను ఆమెను వివాహమాడెను. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగిరి. 1950లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున నాచార్యుడుగా చేరెను. అక్కడివారు శత్రువిమానముల జాడ తెలిసికొనుటకై సేజ్ అను గొప్ప కంప్యూటరు ఏర్పాటును నిర్మించుచుండిరి. అందు పనివారు తెర యెదుట కూర్చుండి, యంత్రము చూపినదానిని చూచి, తత్క్షణమే దానికి మారాజ్ఞ నిచ్చుచుండిరి. మనుష్యుడును యంత్రమును ఎదురుబొదురుగా సంభాషించుటను లిక్లైడరు దగ్గరనుండి చూచెను.

ఆ కాలమున సామాన్యముగా కంప్యూటరుతో పని యెట్లు జరిగెడిదో నేటి బాలురకు చెప్పక తెలియదు. ప్రోగ్రాము వ్రాసినవాడు దానిని చిల్లుల కార్డులపై కొట్టించి, కట్ట కట్టి, కిటికీ వద్ద నిచ్చి పోవలెను. లోపలివారు కట్టల నన్నిటిని వరుసగా యంత్రమునకు పెట్టుదురు. ఫలితము కొన్ని గంటలకో మరునాటికో వచ్చును. ఒక్క కామా తప్పిపోయినచో, తప్పినదని తెలిసికొనుటకు ఒక దినము, దిద్దినది సరియేనా యని తెలిసికొనుటకు మరియొక దినము. దీనికి కారణము లేకపోలేదు. యంత్రము లక్షల డాలర్ల వెల గలది. మనుష్యుని జీతమో స్వల్పము. గావున మనుష్యుడు యంత్రము కొరకు కాచి యుండవచ్చును గాని యంత్రము మనుష్యుని కొరకు ఒక నిమిషమైనను ఊరక యుండరాదని వారి లెక్క.

ఇప్పుడు ఆయన జీవితమున నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టమునకు వచ్చుచున్నాను. 1957 వసంతకాలమునను గ్రీష్మమునను లిక్లైడరు ఒక వింత పని చేసెను. తాను పని చేయుచున్నానని తలంచు గంటలలో నిజముగా నేమి చేయుచున్నాడో తానే పరీక్షించి వ్రాసికొన సాగెను. చూడగా, ఆలోచనకు అని కేటాయించిన కాలములో నూటికి 85 పాళ్లు ఆలోచించుటకు సిద్ధపడుటకే పోవుచుండెను. కాగితములు వెదకుట, అంకెలు కూడుట, రేఖాపటములు గీయుట, సహాయకునికి ఎట్లు గీయవలెనో నేర్పుట, ఇవియే ఆ పనులు. ఒకప్పుడు ఆరుగురు శోధకుల ఫలితములను పోల్చవలసి వచ్చెను. ఏ ఇద్దరును ఒకే కొలమానమును వాడి యుండలేదు. వాటి నన్నిటిని ఒక కొలతకు తెచ్చుటకు కొన్ని గంటలు పట్టెను. తెచ్చిన తరువాత, తనకు కావలసినదానిని గ్రహించుటకు కొన్ని సెకనులే చాలెను. అంతకంటె నాయనను సిగ్గుపరచిన సంగతి మరియొకటి. ఏ సమస్యను చేపట్టవలెను, దేనిని విడువవలెను అని తాను నిర్ణయించుకొనుచున్నది బుద్ధిబలమును బట్టి కాదు, గుమాస్తా పని యెంత యున్నదను దానిని బట్టి యని ఆయనకు తెలియవచ్చెను.

ఉపాధ్యాయులలో నెవరైనను ఈ పరీక్ష తమపై చేసికొనినచో ఎట్టి ఫలితము వచ్చునో నేనిచ్చట వ్రాయను. హాజరు పట్టికలకు గీతలు గీసిన వ్రేళ్లకు అది తెలియును.

ఆ సంవత్సరమే ఆయన విద్యాలయమును విడిచి, కేంబ్రిడ్జిలోని బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్ అను కంపెనీలో చేరి, పాతిక ముప్పది వేల డాలర్ల వెల గల యొక కంప్యూటరును కొనుమని యజమానులను కోరెను. దానితో నేమి చేయుదువని వారడుగగా సరియైన సమాధానము ఆయన వద్ద లేకుండెను. అయినను కొనిరి. 1960లో ఆయన ప్రకటించిన వ్యాసము లోకప్రసిద్ధమైనది. మనుష్యుడును కంప్యూటరును అంజూరపు చెట్టును దాని పురుగును వలె పరస్పరాధారముతో జీవింపవలెనని అందు ప్రతిపాదించెను. ఆ పురుగు లేనిదే చెట్టు ఫలింపదు. ఆ చెట్టు లేనిదే పురుగు బ్రతుకదు. మేడిపండులోని పురుగును మనము పరిహాసమునకే వాడుకొంటిమి. అంజూరమునకు దగ్గరి చుట్టమైన మేడియందును అదే నియమము నడచుచున్నదని ఈ వ్యాసమును గూర్చి చదివిన పిమ్మటనే నాకు తెలిసినది.

అయితే మనుష్యునికొక యంత్రము నిచ్చుటకు ఆనాడు ధనమెక్కడిది? ఇందుకు ఉపాయము కాలమును పంచుకొను పద్ధతి. ఇంగ్లీషున టైమ్ షేరింగు అందురు. ఏకోపాధ్యాయ పాఠశాలను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. ఒక్క పంతులు మూడవ తరగతికి లెక్క యిచ్చి, వారు చేయుచుండగా రెండవ తరగతివారి చదువు విని, అంతలో ఒకటవ తరగతివారి పలకలు దిద్ది, మరల మూడవ తరగతికి వచ్చును. ప్రతి తరగతియు పంతులు తమవాడే యని తలంచును. యంత్రము ఇదే పనిని సెకనులో భాగములుగా చేయును. పదుల కొలది మనుష్యులు పదుల కొలది తెరల యెదుట కూర్చుండి, ప్రతివాడును యంత్రమంతయు తనదే యనుకొనును. ఈ ఆలోచన లిక్లైడరు ఒక్కనిది కాదు. జాన్ మెకార్తీ అను పండితుడు దీనిని గట్టిగా బోధించెను. విద్యుచ్ఛక్తి వలె కంప్యూటరు శక్తియు ఇంటింటికి అమ్ముడు పోగల దినము రావచ్చునని 1961లోనే ఒక యుపన్యాసమున సూచించెను. ఫెర్నాండో కోర్బాటో ఆ సంవత్సరమే అట్టి పద్ధతిని నడిపి చూపెను. లిక్లైడరు చేసినది వేరు. దానికి సొమ్ము సమకూర్చెను.

1962 అక్టోబరులో ఆయనను అమెరికా రక్షణశాఖవారు తమ పరిశోధన సంస్థ యైన ఆర్పాలో నొక విభాగమునకు అధికారిగా నియమించిరి. ప్రభుత్వధనమును ఆయన బాంబుల లెక్కలకు వెచ్చింపక, దేశమందలి విశ్వవిద్యాలయములలో ఈ విద్యను వృద్ధి చేయు మేటివారిని వెదకి వారికిచ్చెను. 1963లో మసాచుసెట్స్ విద్యాలయమున ప్రాజెక్టు మాక్ అను పని ఆయన సాయముననే 20 లక్షల డాలర్లతో ప్రారంభమాయెను. ఆ యేడు ఏప్రిలు నెలలో తన సహకారులందరికి ఒక దీర్ఘమైన జాబు వ్రాసి, నక్షత్రమండలముల కంప్యూటరు వల అను పరిహాసపు పేరుతో వారిని సంబోధించెను. ఒక్కొక్క చోట ఒక్కొక్క భాషలో ఒక్కొక్క రీతిని నడచు యంత్రములు ఒకదానితో నొకటి ఎట్లు మాటలాడగలవను చింతయే ఆ జాబునకు ప్రాణము. యంత్రము లన్నియు ఏకమై పనిచేయు సందర్భములు అరుదుగానే యుండవచ్చునని కూడ అందు ఒప్పుకొనెను. ఆ చింతనుండియే 1969 అక్టోబరు 29వ తేదీన తొలి సందేశమును మోసిన ఆర్పానెట్టు పుట్టెను. నేటి ఇంటర్నెట్టునకు అదియే పూర్వజ. అప్పటికి లిక్లైడరు ఆర్పాలో లేడు. 1964లోనే వెడలిపోయి యుండెను.

ప్రాజెక్టు మాక్ వారు 1965 ప్రాంతమున జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీతోను బెల్ ప్రయోగశాలతోను కలిసి మల్టిక్స్ అను మహాప్రయత్నమునకు పూనుకొనిరి. రాత్రింబవళ్లు ఆగక, టెలిఫోను వలె, నగరమున కంతటికి కంప్యూటరు శక్తిని సరఫరా చేయుట వారి యుద్దేశము. పని వారు తలంచిన దానికంటె చాల ఆలస్యమాయెను. 1969లో బెల్ ప్రయోగశాలవారు విసిగి తొలగిపోయిరి. అచ్చటి ఇద్దరు యువకులు, కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యనువారు, ఆ మహాభవనము బదులు చిన్న కుటీరము వలె యూనిక్స్ అను దానిని కట్టిరి. కుటీరమునకే వంశము నిలిచెను. 1968లో ప్రాజెక్టు మాక్ నకు అధిపతియైన లిక్లైడరు ఈ కష్టకాలమంతయు చూచెను. పరిపాలనము ఆయనకు రుచించిన పని కాదు. ఊహించుటలోను, ఇతరులను పురికొల్పుటలోను ఉన్న నేర్పు లెక్కపత్రములు నడుపుటలో నుండలేదని ఆయన చరిత్రకారులు దాపరికము లేకయే వ్రాసిరి.

తరువాతి కాలము ఆయన యూహకు ఎదురు తిరిగినట్లే కనబడెను. యంత్రముల వెల పడిపోయెను. ప్రతి కార్యాలయమును తన యంత్రమును తానే కొనుక్కొన సాగెను. పిమ్మట ప్రతి గృహమును. కేంద్రమునుండి శక్తిని కొనుట యేల యని లోకమడిగెను. 1979లో లిక్లైడరు కంప్యూటర్లను ప్రభుత్వమును గూర్చి వ్రాసిన యొక వ్యాసమున 2000వ సంవత్సరమునాటి లోకమును రెండు విధములుగా ఊహించెను. ఒక దానియందు, అందరికి తెరచియున్న ఒకే వల దేశమును కలుపును. రెండవ దానియందు, ప్రతి పెద్ద కంపెనీయు తన పద్ధతిని తానే పెట్టుకొనును; ఒకదాని యంత్రము మరియొకదానితో కలియదు; ఒకసారి ప్రవేశించినవాడు వెలికి రాలేడు. ఈ రెండవది ఆయనకు నిజమైన భయము.

1990 జూను 26వ తేదీన మసాచుసెట్స్ లోని ఆర్లింగ్టన్ పట్టణమున ఆయన మరణించెను. వెబ్బు అప్పటికింకను సామాన్యులకు అందలేదు. చిట్టచివరి మల్టిక్స్ యంత్రమును కెనడా దేశమున హాలిఫాక్స్ నగరమందు 2000 అక్టోబరు 30వ తేదీన ఆపివేసిరి.

ఆరేండ్లు గడచెను. 2006 ఆగష్టులో అమెజాన్ కంపెనీ తన యంత్రశాలలోని యంత్రమును గంటకు 10 సెంట్ల చొప్పున ఎవరికైనను అద్దెకిచ్చుట ప్రయోగముగా మొదలిడెను. చనిపోయిన ఆలోచన మారువేషమున లేచివచ్చెను. 2022 నవంబరునుండి ఆ కంపెనీవారికే మన హైదరాబాదు ప్రాంతమునను యంత్రశాలలున్నవి. మేఘమని పేరే గాని అది నేలమీదనే యున్నది.

అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థవారు 2011లో ఈ సేవలను మూడు తరగతులుగా నిర్వచించిరి. వాటిని మీరు చదువుచున్న ఈ పత్రికతోనే చెప్పెదను. ఒకడు అచ్చుయంత్రమును గదితో సహా అద్దెకు తీసికొని, అక్షరములు పేర్చుట, సిరా పూయుట, చెడినది బాగుచేయుట తానే చేసికొనవచ్చును. ఇది మొదటి తరగతి. ఇన్‌ఫ్రాస్ట్రక్చరు సేవ యందురు. రెండవవాడు వ్రాతప్రతిని ముద్రణాలయమునకిచ్చి, మిగిలిన దంతయు వారికే విడుచును. అయితే వారి వద్ద నున్న అక్షరములకు, వారి కాగితపు కొలతకు లోబడవలెను. ఇది ప్లాట్‌ఫారము సేవ. మూడవవాడు అచ్చైయున్న డైరీలను కొని, అట్టపై తన పాఠశాల పేరు వేయించుకొనును. ఇది సాఫ్టువేరు సేవ. వ్రాయవలసినదే యుండదు గనుక అచ్చుతప్పుల బాధయు లేదు. లోపలి పుట మార్చుట మాత్రము శక్యము కాదు.

ఏది మేలు? ఉత్త యంత్రము తీసికొనినవానికి స్వాతంత్ర్యము హెచ్చు. కావలి కాయుట కూడ వానిదే. 2014 ఏప్రిలులో ఓపెన్ ఎస్ఎస్ఎల్ అను భద్రతాసామగ్రిలో హార్ట్‌బ్లీడ్ అను లోపము బయటపడినప్పుడు, అద్దె యంత్రములపై దానిని తామే పెట్టుకొనిన వారందరు తామే మేలుకొని దిద్దుకొనవలసి వచ్చెను. వేదికలపై నున్నవారికి ఆ పని చాలవరకు వేదికవారే చేసిపెట్టిరి. ఇక వేదికకు దాని బంధనములున్నవి. గూగులువారు 2008లో తమ వేదికను తెరచినప్పుడు పైథాన్ భాషలో వ్రాసినవారికే ప్రవేశము. ఫేసుబుక్కువారు 2013లో కొనిన పార్స్ అను వేదికను 2016లో ముగింతుమని ప్రకటించి 2017 జనవరిలో మూసివేసిరి. ఒక సంవత్సరపు గడువును, తమ సర్వరు ప్రోగ్రాము ప్రతిని అందరికిని ఇచ్చిరి; అది వారి మర్యాద. అయినను దానిపై ఇల్లు కట్టుకొనినవారందరు మూట కట్టుకొనవలసి వచ్చెను. లిక్లైడరు 1979లో దేనికి భయపడెనో అప్పుడు నాకు బోధపడెను.

మా పిల్లలు మొదట నా మాట వినలేదు. ఉత్త యంత్రమునే తీసికొనిరి; పూర్వవిద్యార్థి యొకరు మూడు మాసముల అద్దె భరించిరి. నాలుగు వారములు గడచెను. ఆ నాలుగు వారములును ఆపరేటింగు సిస్టమును అమర్చుటకు, తాళపుచెవులు పోగొట్టుకొని మరల సంపాదించుటకు, డేటాబేసును నిలుపుటకు సరిపోయెను. పుస్తకము ఇచ్చుట, పుచ్చుకొనుట, జరిమానా లెక్కించుట అను మూటిలో ఒక్కటియు వ్రాయబడలేదు. నేను నల్లబల్లపై 85 అను అంకెను వ్రాసి ఏమియు పలుకకుండ వచ్చితిని. మరునాడు వారే వచ్చి, వేదికకు మారుదుమనిరి. ఆ నాలుగు వారములు వ్యర్థమని మాత్రము నేననను. యంత్రము లోపల నేమున్నదో వారిలో ఇద్దరికైనను తెలిసినది. నేర్చుకొనుటయే పనియైనప్పుడు మొదటి తరగతియే ఉత్తమమని నా యభిప్రాయము. గ్రంథాలయము నడపుటయే పనియైనప్పుడు కాదు.

చందా కట్టి సిద్ధమైన సాఫ్టువేరును తీసికొనుట అన్నిటికంటె సుళువని గ్రంథాలయాధికారిణియైన మా సహోపాధ్యాయురాలు వాదించిరి. వారి వాదమున బలమున్నది. పిల్లలకు వ్రాయు పని లేకుండ పోవునను కారణము చేతనే దానిని మానుకొంటిమి. ఆ కారణము లేని పాఠశాలకు నేను దానినే చెప్పి యుందును.

వేదికపై రెండు నియమములు పెట్టుకొంటిమి. విద్యార్థుల పేర్లు అక్కడ నుంచరాదు. ప్రవేశసంఖ్యలు మాత్రమే యుంచవలెను. ప్రతి శనివారము లెక్క యంతయు ఏ యంత్రమైనను చదువగల సామాన్యమైన పట్టికగా దింపుకొని మన యొద్ద నుంచుకొనవలెను. జూలై మాసమునుండి గ్రంథాలయము ఈ విధముననే నడచుచున్నది. ఒక దినము ఇంటర్నెట్టు లేక పాత రిజిష్టరును మరల తీయవలసి వచ్చెను. ఆ దినపు పదునేడు పుస్తకములను పిల్లలు సాయంకాలము ఎక్కించిరి. శనివారపు ప్రతి గల చిన్న డిస్కు ప్రధానోపాధ్యాయుల గారి బీరువాలో, ఆస్తి రిజిష్టరు ప్రక్కన నున్నది.